నాలుగో వరుస

"ఎడమకంట్లో ఈ మసక ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది సర్జన్.

ఆవిడ అడిగింది ఎదురుగా కూర్చున్న చెల్లెల్ని, పక్కనున్న అన్నని కాదు. మేనకోడలు ఊరుకుంటేగా! "మా మామయ్యని అడగండి డాక్టర్. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. అమ్మ కళ్ళ సంగతి అమ్మకంటే ఆయనకే బాగా తెలుసు" అంది గర్వంగా. గదిలో ఉన్న నలుగురూ ఆయనవైపు తిరిగారు. బజారంతా అద్దాలాయన అని పిలిచే ఆ మనిషి ముప్పయ్యేళ్ళుగా రోజుకి పాతికమందిని ఇదే ప్రశ్న అడుగుతూ వచ్చాడు. తనని ఎవరైనా అడిగే రోజొకటి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"రెండు వారాలు" అన్నాడు.

అని నాలుక కరుచుకున్నాడు. చెల్లెలు తల తిప్పి అన్నయ్యని చూసింది. ఒళ్ళో ఉన్న చేతిసంచి పట్టీ వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆ వేలి గోరు చుట్టూ ఎర్ర పెయింటు ఇంకా పోలేదు.

నిజానికి పది నెలలు.

సర్జన్ కాగితం మీద బొమ్మ గీసింది. "ఇది కంటి నరం. దీని కిందనుంచే మెదడుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం పోతుంది. ఆ నాళం గోడ ఒకచోట పలచబడి, బుడగలా ఉబ్బింది. బుడగ నరాన్ని పైకి నెడుతోంది. పైన గట్టి పొర ఒకటి ఉంది, దాని అంచుకి ఒత్తుకుని నరం నలుగుతోంది."

"బుడగ పగిలితేనండీ?" అన్నాడు చెల్లెలి మొగుడు. లేతు మిషను దగ్గర పనిచేసే మనిషి, మాట తక్కువ.

"ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఆలస్యం చేయకూడదు. పుర్రె కొంచెం తెరిచి, నరం పక్కనున్న ఎముక అరగదీసి, ముందు నరానికి చోటు చేస్తాం. తర్వాత బుడగ మెడ దగ్గర చిన్న క్లిప్పు పెడతాం. ఇక రక్తం అందులోకి పోదు."

"మరి చూపు?"

"నరం ఎన్నాళ్ళు నలిగిందన్నదాని మీద ఉంటుంది. రెండు వారాలే అంటున్నారుగా. ఆశ ఉంది."

ఆవిడ ఫైల్లో రాసుకుంది. ఆ రెండంకె మీద కలం కదలడం అద్దాలాయన కళ్ళప్పగించి చూశాడు. అప్పుడైనా నోరు తెరవచ్చు. తెరవలేదు. తెరిస్తే బావ ముందు, మేనకోడలి ముందు తన బతుకేమవుతుందో అప్పటికే లెక్క వేసేసుకున్నాడు. ఇలాంటి లెక్కలకి మనిషి బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో చెప్పలేం.

*

చెల్లెలు బోర్డులు రాస్తుంది. బజారులో ఆమె పేరు కుంచెమ్మ. ఊరంతా ఫ్లెక్సీలు వచ్చిపడ్డా, గాజు తలుపుల మీద అక్షరాలకీ, అంబులెన్సు ముందు కుడిఎడమలు తిప్పి రాసే రాతకీ ఇప్పటికీ ఆమెకే కబురు పెడతారు. స్కేలు పెట్టి గీసిన గీతని కూడా ఆమె నమ్మదు. నాలుగడుగులు వెనక్కి వేసి, కుడికన్ను మూసి, ఎడమకంటితో వరుస చూసుకుంటుంది. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు.

కళ్ళజోళ్ళ షాపు నాన్నది. కంటిపరీక్ష చార్టు వెలిసిపోతే కొత్తది కొనడం ఎందుకని, పదహారేళ్ళ కూతురి చేత రేకు మీద రాయించాడు. కొలతలు తప్పకూడదని ఒక్కో అక్షరం తుడిచి తుడిచి పదకొండు రోజులు రాసింది. ఇంకేముంది, ఆ చార్టు ఆమెకి కంఠతా వచ్చేసింది. గోడవైపు వీపు పెట్టి నిలబడి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. అన్నయ్య చేతిగడియారం చూస్తూ ఎన్ని సెకన్లో చెప్పేవాడు. అన్నాచెల్లెళ్ళకి అదో ఆట.

పది నెలల క్రితం ఒక పొద్దున రంగుడబ్బాతో షాపుకొచ్చింది. "అన్నయ్యా, ఎడమకంట్లో ముక్కు పక్కన, కిందవైపు, మసి పట్టినట్టుంటోంది. వరుస తెలియడం లేదు" అంది.

"వయసే. నలభై దాటాక నీకు మాత్రం రాకుండా పోతుందా?" అని నంబరు మార్చాడు. నాలుగు నెలలకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ మార్చాడు. మూడోసారి వచ్చి ఇప్పటికి రెండు నెలలు. ఆ రోజు షాపు కిటకిటలాడుతోంది. ఒకావిడ ముగ్గురు పిల్లలతో వచ్చి ఫ్రేములన్నీ బల్ల మీద పరిపించి కూర్చుంది. ఆ సందడిలోనే చెల్లెల్ని కుర్చీలో కూర్చోబెట్టి, కుడికంటి మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "కానీ, చదువు" అన్నాడు.

"ఈ. ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్. ఎల్, పీ, ఈ, డీ..." అని గడగడా చదివేసింది.

అలా ఎవరూ చదవరు. ముప్పయ్యేళ్ళ అనుభవంలో అతనికి తెలియనిదా! కనబడేవాళ్ళు కూడా వరుస మారేచోట ఆగుతారు, మెడ ముందుకు చాస్తారు, 'ఓ'నో 'డీ'నో అని నసుగుతారు. చూసి చదివావా, అప్పజెప్పావా అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఫ్రేములావిడ, "ఏవండీ, ఇందులో నీలం రంగు లేదా?" అంది. ఆ ప్రశ్న గొంతులోనే ఉండిపోయింది.

"నీ కళ్ళు నాకంటే దివ్యంగా ఉన్నాయి, పో" అన్నాడు. చెల్లెలు నవ్వి వెళ్ళిపోయింది.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి, అతన్ని ఎక్కువ కొరుక్కుతిన్నది ఇదే. కంటి పక్క చూపు తెలుసుకోవడానికి యంత్రమేమీ అక్కర్లేదు. ఎదురుగా కూర్చుని, ఒక కన్ను మూయించి, తన ముక్కునే చూడమని, నాలుగు వైపుల నుంచీ వేలు కదిపి కనబడగానే చెప్పమనడమే. ఒక్క నిమిషం పని. నాన్న నేర్పించాడు. పాఠంలో చదువుకున్నాడు, పరీక్షలో చేసి చూపించాడు. చెల్లెలికి మాత్రం చేయలేదు.

తర్వాత షాపుకి కొత్త గాజు తలుపు పెట్టించి, పేరు రాయమని చెల్లెల్నే పిలిచాడు. రాసింది. వరుస కిందికి జారింది. "మా కుంచెమ్మ అక్షరాలు జారుబండ ఎక్కాయోయ్!" అన్నాడు నలుగురి ముందు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాసింది. మళ్ళీ జారింది. అన్నం క్యారియరు తెచ్చిన మేనకోడలు మాత్రం నవ్వలేదు. మర్నాడే తల్లిని కంటి ఆస్పత్రికి లాక్కెళ్ళింది. ఇంట్లోవాళ్ళకి తెలిసిన కథ అక్కడ మొదలైంది. అతను చెప్పిన రెండు వారాలు ఆ రోజు నుంచి లెక్కబెట్టినవి.

*

ఆపరేషను రోజు ముగ్గురూ పొద్దున్నుంచీ హాల్లో కూర్చున్నారు. గోడకి వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, చివర నీళ్ళ డ్రమ్ము, తలుపు పైన ఎర్రలైటు. ఆ లైటు ఆరితే లోపల పనైపోయినట్టు.

"నువ్వుండబట్టి ధైర్యంగా ఉంది బావా. నాకీ కళ్ళూ నరాలూ ఏం తెలుసు? నువ్వే లేకపోతే ఎవరి చేతుల్లో పడేవాళ్ళమో" అన్నాడు చెల్లెలి మొగుడు.

పుండు మీద కారం చల్లినట్టయింది అద్దాలాయనకి. ఇక దాచలేననుకున్నాడు. "బావా, నీకో మాట చెప్పాలి" అన్నాడు.

"చెప్పు."

చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నీ పెళ్ళాం మూడుసార్లు వచ్చి మొరపెట్టుకుంటే రెండుసార్లు కళ్ళజోళ్ళు తగిలించి, మూడోసారి ఊరికే పంపేశానని చెప్పాలి. బావ ఒక టీ అతనికిచ్చి, తన కప్పు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నమ్మకం తప్ప ఇంకేమీ లేని మొహం.

"టీలో చక్కెర తక్కువైంది" అన్నాడు అద్దాలాయన.

పాపం, బావ లేచి వెళ్ళి చక్కెర తెచ్చాడు. ఆ టీ తాగుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం నాలుగింటికి సర్జన్ బయటికొచ్చింది. టోపీ తీయగానే నుదుటి మీద దాని అచ్చు ఎర్రగా కనబడింది. "క్లిప్పు బాగా కూర్చుంది. ప్రాణభయం లేదు" అంది. బావ రెండు చేతులూ జోడించాడు. మేనకోడలు వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఒక్క సంగతి. నరం నేననుకున్నదానికంటే బాగా పలచబడి ఉంది. రెండు వారాల్లో ఇంత నలగదు. ఇంతకుముందెప్పుడూ ఏమీ చెప్పలేదా ఆమె?"

"లేదండీ. చెప్పి ఉంటే మా బావ ఊరుకునేవాడా?" అన్నాడు చెల్లెలి మొగుడు.

సర్జన్ అద్దాలాయనవైపు చూసింది. అతను తన చెప్పులు చూసుకున్నాడు. ఆవిడ మిగతాది చెప్పింది. ఆపరేషనుకి ముందు ఎడమకన్ను పైమూడు వరుసలు చదివేది. రేపు మూడు చదివినా చాలు. చూపు ఏ కొంచెం తగ్గినా ఆ నిమిషమే తనకి తెలియాలి. నరం పక్కనే క్లిప్పు ఉంది, అది ఆనుకున్నా, నరానికి రక్తం అందకపోయినా గంటల్లో సర్దేయాలి. ఆ గంటలు దాటితే తన చేతుల్లో ఏమీ ఉండదు.

మర్నాడు మూడు వరుసలు చదివింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

*

రెండో రోజు పొద్దున పదింటికి చూడ్డానికి వదిలారు. చెల్లెలి తలకి తెల్లటి కట్టు, ఎడమకన్ను చుట్టూ వాపు. అన్నయ్యని చూసి నవ్వబోయింది. కుట్లు లాగాయో ఏమో, నవ్వు సగంలో ఆగింది. ఒక పక్క మొగుడు, ఇంకో పక్క కూతురు. అద్దాలాయన కాళ్ళవైపు నిలబడ్డాడు. మొహం చెల్లనివాడు ఇంకెక్కడ నిలబడతాడు?

కుర్ర డాక్టరు హడావిడిగా వచ్చాడు. ఇంకా పన్నెండు మంచాలు చూడాలి మరి. చేతిలో అరచేతంత అట్టమీద అచ్చేసిన చార్టు. అక్షరాలు అవే, వరుసలు అవే. కుడికంటికి అడ్డం పెట్టి, "చదవండమ్మా" అన్నాడు.

"ఈ. ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్. ఎల్, పీ, ఈ, డీ."

"నాలుగు! నిన్నటి మీద ఒక వరుస పెరిగిందే!" అన్నాడు కుర్ర డాక్టరు. మేనకోడలు తల్లి చెయ్యి ముద్దుపెట్టుకుంది. బావ పైకి చూసి దణ్ణం పెట్టుకున్నాడు. డాక్టరు కాగితంలో నాలుగు అని వేయబోయాడు.

ఆ వేగం అద్దాలాయనకి తెలుసు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా నసగలేదు. అట్ట పక్కకి జరిగినా ఆమె కన్ను దాని వెంట జరగలేదు. రెండు నెలల క్రితం షాపులో విన్న చదువే ఇది. ఇప్పుడు ఫ్రేములావిడ లేదు.

ఊరుకుంటే అందరూ సంతోషంగా ఉంటారు. ఒక్క క్షణం ఆ ఆలోచన కూడా వచ్చింది. రాలేదంటే అబద్ధం.

"కాస్త ఆగండి డాక్టర్" అని ముందుకొచ్చి అట్ట తీసుకున్నాడు. చెల్లెలి కుడికంటి మీద తన అరచెయ్యి పెట్టాడు. అట్ట వెనక్కి తిప్పాడు. వెనక ఏమీ లేదు, తెల్లగా ఉంది.

"ఇంకోసారి చదువు చెల్లీ. నాలుగో వరుస."

"ఎల్, పీ, ఈ, డీ" అంది చెల్లెలు.

కుర్ర డాక్టరు కలం ఆగిపోయింది. బావ ఆ తెల్ల అట్టనీ, పెళ్ళాం మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. చెల్లెలు పెదవులు బిగబట్టింది.

"నీ కంటి ముందు తెల్ల కాగితం పెట్టానే. ఇప్పుడు నిజం చెప్పు. ఎన్ని వేళ్ళు?" అని అట్ట దించి మూడు వేళ్ళు చూపించాడు.

"వెలుతురు తెలుస్తోంది. అంతే" అంది.

"ఎప్పట్నుంచి?"

"ఇందాక ఫలహారం పెట్టేముందు నుంచి."

కుర్ర డాక్టరు పరుగెత్తాడు. ఐదు నిమిషాల్లో సర్జన్ వచ్చింది. కంట్లో టార్చి వేసి చూస్తుండగానే అద్దాలాయన మొదలుపెట్టాడు. ఇక నీళ్ళు నమల్లేదు. "రెండు వారాలు కాదు డాక్టర్, పది నెలలు. మూడుసార్లు నా దగ్గరికి వచ్చింది. మా షాపు చార్టు తనే రాసింది, తనకది కంఠతా వచ్చు. అప్పజెప్తోందని తెలిసి కూడా నేను వదిలేశాను. మీకు అబద్ధం చెప్పాను." గదిలో అందరికీ వినబడేట్టే చెప్పాడు.

సర్జన్‌కి కోపగించుకునే తీరిక కూడా లేదు. "ఫలహారం ఎన్నింటికి?" అంది.

"ఎనిమిదిన్నర" అంది నర్సు.

"రెండు గంటలు కూడా కాలేదు. పదండి" అని మంచం చక్రాల బ్రేకు తనే కాలితో తీసింది.

*

మళ్ళీ అదే హాలు, అవే కుర్చీలు. ఈసారి బావ మూడు కుర్చీల అవతల కూర్చున్నాడు. మేనకోడలు కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడింది.

బావ అడిగాడు. "పది నెలలా?"

"అవును."

"ఈ రెండు వారాలూ రోజూ మా ఇంటికొచ్చి కూర్చున్నావు కదా బావా. నా పక్కనే."

తిట్టినా బాగుండేది. కాలర్ పట్టుకున్నా బాగుండేదనుకున్నాడు అద్దాలాయన. బావ లేచి వెళ్ళి రెండు టీలు తెచ్చి, ఒకటి కూతురికిచ్చి, ఒకటి తను తాగాడు.

క్లిప్పు అంచు నరానికి ఆనుకుని ఉందట. వెంట్రుకవాసి పక్కకి జరిపి సర్దారు. నాలుగో రోజుకి ఎడమకన్ను మళ్ళీ మూడు వరుసలు చదివింది. ఈసారి వరుసలు తారుమారుగా ఉన్న కొత్త చార్టు తెప్పించి మరీ చదివించింది సర్జన్. "ఆ రోజు ఇంకో పూట ఆలస్యమై ఉంటే ఇదీ ఉండేది కాదు" అని అతనితోనే చెప్పింది. మెచ్చుకోలుగా అనలేదు, నిందగానూ అనలేదు. ముక్కు పక్కన కిందవైపు చీకటి మాత్రం ఇక పోదనీ, పది నెలల క్రితమే వచ్చి ఉంటే పోయేదేమోననీ కూడా చెప్పింది.

గదిలో ఇద్దరే ఉన్నప్పుడు చెల్లెల్ని అడిగాడు. "షాపులో ఎందుకలా అప్పజెప్పావే?"

"అప్పుడు అప్పజెప్తున్నానని నాకే తెలీదన్నయ్యా. ఆ రేకు వైపు చూస్తే చాలు, అక్షరాలు వచ్చేస్తాయి. కనబడ్డమేదో, గుర్తుండడమేదో తేడా తెలిసేది కాదు."

"మరి మొన్న?"

ఆమె కాసేపు దుప్పటి అంచు సరిచేసుకుంది. "మొన్న తెలిసే చేశాను. నరం పలచబడిందని డాక్టరమ్మ చెప్పిందని అమ్మాయి అంది. నిన్ను చూస్తే నాలుగు రోజులుగా తిండి మానేసినవాడిలా ఉన్నావు. ఒక వరుస ఎక్కువ చదివితే నీ మొహం కాస్త తేటపడుతుందనుకున్నా. మసక దానంతటదే సర్దుకుంటుందిలే అనుకున్నా."

"కన్ను పోయేదే పిచ్చిదానా!"

"ఇంకోటుందిగా" అంది.

అద్దాలాయన మంచం అంచున తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఊరుకోమనలేదు. తల మీద చెయ్యి వేసి, ఎర్ర పెయింటు గోటితో జుట్టు దువ్వుతూ కూర్చుంది.

*

మూడు నెలలకి చెల్లెలు షాపుకొచ్చింది. గుండు మీద జుట్టు కొత్త కుంచెలా నిక్కబొడుచుకుని ఉంది. మొగుడు గుమ్మందాకా తీసుకొచ్చి, "అరగంటలో వస్తాను" అన్నాడు. ఆ మాట పెళ్ళాంతో అన్నాడు, అద్దాలాయనతో కాదు. ఈ మధ్య ఎదురుపడితే బాగున్నావా అంటున్నాడు, అంతే. అంతకంటే అడిగే మొహం అద్దాలాయనకీ లేదు.

గోడ మీద రేకు చార్టు లేదు. దాని చోట మీట నొక్కితే అక్షరాలు మారే దీపాల పెట్టె ఉంది. చెల్లెలు దాన్ని చూసి మూతి విరిచింది. "నా రేకు ఏం చేశావు?"

"లోపల పెట్టాను. గోడవైపు తిప్పి."

"పదకొండు రోజులు రాశాను."

"తెలుసు. కూర్చో."

షాపులో ముగ్గురు ఉన్నారు. ఒకతను ఫ్రేము చేతిలో పట్టుకుని, "ఏవండీ" అన్నాడు. అద్దాలాయన వెనక్కి తిరక్కుండానే, "ఆగాలి" అన్నాడు. చెల్లెలి ఎదురుగా స్టూలు లాక్కుని, మోకాళ్ళు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. గోడ గడియారం చూసి, ఆమె కుడికంటి మీద చెయ్యి పెట్టి, తన కన్నొకటి మూసుకున్నాడు.

"నా ముక్కునే చూడు. వేలు కనబడగానే చెప్పు."

పైనుంచి వేలు తెచ్చాడు. "ఆఁ" అంది. చెవివైపు నుంచి తెచ్చాడు. "ఆఁ" అంది. ముక్కు పక్క నుంచి, కిందనుంచి మెల్లగా పైకి తెచ్చాడు. ఆ వేలు అతనికి ఎప్పుడో కనబడింది.

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

ఇంకాస్త జరిపాడు. "ఇప్పుడు చెల్లీ?"

"లేదంటే లేదన్నయ్యా. ఇక నీ కోసం అబద్ధాలు చదవను."

వేలు దాదాపు అతని ముక్కు దాకా వచ్చింది. "ఆఁ, ఇదిగో, ఇప్పుడు" అంది.

అతను వేలు దించలేదు. అలాగే పట్టుకుని, తల తిప్పి గోడ గడియారం చూశాడు. సెకన్ల ముల్లు ఒక చుట్టు కూడా పూర్తి చేయలేదు. మొదలుపెట్టినప్పుడు ఎక్కడుందో, నిమిషాల ముల్లు ఇంకా అక్కడే ఉంది.